వైజాగ్‌లో రోజుకి 950 రూపాయలా, ఖతార్‌లో 2,000 రియాళ్లా? వెల్డర్ తమ్ముడికి నా లెక్క

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంత వరకు నీ పరిస్థితి ఇది. నీకు 26 ఏళ్లు, ఐటీఐ చదివావు. గాజువాక ఆటోనగర్ వైపు ఒక కాంట్రాక్టర్ దగ్గర రోజుకి 950కి పనిచేస్తున్నావు. 3జీ, 4జీ (నిలువుగా, తలపైన వేసే) ప్లేట్ వెల్డింగ్ బాగా వచ్చు, పైప్ ఇంకా నేర్చుకుంటున్నావు. ఒక ఏజెంట్ ఖతార్‌లో 2,000 రియాళ్లు, రూమ్ ఫ్రీ, ఓటీ (ఓవర్‌టైమ్) వేరే అని చెప్పి లక్షా 40 వేలు అడుగుతున్నాడు. ఆ డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవాలి. ఇంట్లో అమ్మ ఒక్కతే. "అన్నా, అక్కడ నిజంగా రెట్టింపు మిగులుతుందా, వెళ్లమంటారా?" అని అడిగావు.

ముందే చెప్పేస్తాను. నెలకి రెట్టింపు మిగులుతుందన్న మాట నిజమే. అయినా ఈ ఆఫర్‌కి, ఈ అప్పుతో వెళ్లొద్దు. నాలుగైదు నెలలు ఆగి 6జీ (ఏటవాలు పైపు మీద వెల్డింగ్ పరీక్ష) పాసై, కాంట్రాక్ట్‌లో బేసిక్ (మూల జీతం) సరిగ్గా రాయించుకుని, ఏజెంట్‌కి చట్టం ఒప్పుకున్నంతే ఇచ్చి వెళ్లగలిగితే వెళ్లు. రెండేళ్లు బాగా సంపాదించుకుని రావచ్చు. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

నేను 2009లో మొదటిసారి ఖతార్ వెళ్లాను, రెండోసారి 2013లో వెళ్లి 2021లో తిరిగి వచ్చేశాను. హెల్పర్‌గా మొదలై ఫోర్‌మన్‌గా ఆపాను. ఇప్పుడు గాజువాకలో పైపింగ్ పనులు చూసుకుంటూ, సాయంత్రాలు కుర్రాళ్లకి ట్రేడ్ టెస్ట్ కోసం నేర్పిస్తున్నాను. రెండు వైపులా కూలి తీసుకున్నాను, కూలి ఇప్పించాను కూడా.

మొదట ఆ 2,000లో ఏముందో విడదీద్దాం

నువ్వు రాసిన ఆఫర్ లెటర్ ప్రకారం బేసిక్ 1,200, ఇతర అలవెన్స్ 500, ఫుడ్ 300. మొత్తం 2,000. అంటే తిండి ఖర్చు ఆ 2,000లోనే ఉంది. ఏజెంట్ "2,000 ప్లస్ ఫుడ్" అన్నట్టు మాట్లాడి ఉంటాడు, కాగితం అలా చెప్పట్లేదు. ఖతార్‌లో 2021 మార్చి నుంచి కనీస వేతనం అమల్లో ఉంది. బేసిక్ 1,000 రియాళ్లు, కంపెనీ తిండి పెట్టకపోతే 300, రూమ్ ఇవ్వకపోతే ఇంకో 500. ఏ దేశం వాళ్లకైనా, ఏ పనికైనా ఇదే. ఆ ప్రకారం ఏ పనీ రాని మనిషికి కూడా బేసిక్ 1,000 ఇవ్వాలి. నీ చేతిలో ఉన్న వెల్డింగ్‌కి వాళ్లు కట్టిన విలువ దాని మీద బేసిక్‌లో 200, అలవెన్స్‌లో 500.

మొత్తం 2,000 వస్తున్నప్పుడు బేసిక్ ఎంతుంటే ఏంటని అడుగుతావు. నా దగ్గరికి వచ్చే ప్రతి కుర్రాడూ ఇదే అడుగుతాడు. ఓటీ బేసిక్ మీదే కడతారు. లీవ్ శాలరీ బేసిక్ మీదే. సర్వీస్ అయ్యాక ఇచ్చే గ్రాట్యుటీ ఏడాదికి కనీసం మూడు వారాల బేసిక్. అలవెన్స్ వీటిలో దేనికీ లెక్కకి రాదు.

కంపెనీలు మామూలుగా బేసిక్‌ని 30తో, మళ్లీ 8తో భాగించి గంట రేటు తీస్తాయి. ఓటీకి దాని మీద 25 శాతం కలుపుతాయి. బేసిక్ 1,200 అయితే గంట 5 రియాళ్లు, ఓటీ గంట 6 రియాళ్ల పావు. అదే బేసిక్ 2,000 అయితే ఓటీ గంట 10.42 రియాళ్లు. రోజుకి రెండు గంటల చొప్పున నెలకి 52 గంటలు ఓటీ చేశావనుకో. ఒక దాంట్లో 325 రియాళ్లు, ఇంకో దాంట్లో 542. లెక్క సులువుగా ఉండాలని రియాల్ 24 రూపాయలు అనుకుందాం. ఇరవై నాలుగు నెలల ఓటీ తేడా, గ్రాట్యుటీ తేడా కలిపితే లక్షన్నర దాటుతుంది. లీవ్ శాలరీ కలపకుండానే. కాగితం మీద ఒక గడిలో అంకె మారినందుకు లక్షన్నర! అందుకే చెబుతున్నా, ఎవరైనా "మొత్తం ఎంతొస్తుంది" అంటూ మొదలుపెడితే ఆపి "బేసిక్ ఎంత" అని అడుగు.

ఇప్పుడు గంట రేటు ఇక్కడా అక్కడా పెట్టి చూడు

ఇక్కడ నీ 950ని ఎనిమిది గంటలకి భాగిస్తే గంటకి సుమారు 119 రూపాయలు. మన చట్టంలో ఓటీ రెట్టింపు. 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ అదే మాట, కొత్త లేబర్ కోడ్‌లోనూ రెట్టింపే. అంటే నీకు ఓటీ గంటకి 237 రూపాయలు రావాలి. ఖతార్‌లో బేసిక్ 1,200 మీద నీకు వచ్చే ఓటీ గంట 150 రూపాయలు. చూశావా, చట్టం రాసినట్టు ఇస్తే గాజువాకలో ఓటీ గంట ఖతార్ ఓటీ గంట కంటే ఎక్కువ.

మరి మనవాళ్లెందుకు వెళ్తున్నారంటే, ఇక్కడ కాంట్రాక్టర్లు రెట్టింపు ఇవ్వరు. సింగిల్ ఇస్తారు. కొందరు నాలుగు గంటల ఓటీకి అర హాజరు వేసి సరిపెడతారు. నేను ఇక్కడ ఒక కాంట్రాక్టర్ దగ్గర ఉన్నప్పుడు ఇంకా ఘోరం చూశాను. బ్యాంకులో పూర్తి జీతం వేసేవాడు, కుర్రాళ్ల ఏటీఎం కార్డులు మాత్రం అతని మేస్త్రీ దగ్గరే ఉండేవి. జీతం పడిన రోజు తేడా డ్రా చేసుకుని మిగిలింది చేతిలో పెట్టేవాడు. రికార్డులో అంతా సక్రమంగా కనిపిస్తుంది. అడిగితే మర్నాడు గేట్ పాస్ రెన్యూ అవదు. అప్పటి నుంచి నా కింద పనిచేసే ఏ కుర్రాడి కార్డూ ఎవరి చేతికీ ఇవ్వనివ్వను. నీ కార్డు నీ జేబులోనే ఉందా? లేకపోతే ఖతార్ సంగతి తర్వాత, ముందు దాన్ని తెచ్చుకో.

ఖతార్‌లో ఈ విషయం 2015 నుంచి కొంచెం గట్టిపడింది. జీతం బ్యాంకు ద్వారానే పడాలి, గడువు తేదీ నుంచి ఏడు రోజుల్లో పడాలి, పడకపోతే అక్కడి లేబర్ మినిస్ట్రీకి తెలిసిపోయే ఏర్పాటు ఉంది. ఆలస్యం చేసే కంపెనీలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. కాకపోతే నీ దగ్గర రుజువు ఉంటుంది.

నెలకి చేతిలో మిగిలేది

వైజాగ్ లెక్క. 26 రోజులకి 24,700, నెలకి 40 గంటల సింగిల్ ఓటీకి 4,750, మొత్తం 29,450. 15,000 మీద 12 శాతం పీఎఫ్ 1,800 పోతుంది. పెట్రోలు, టీ టిఫిన్, ఫోను, నీ సొంత ఖర్చు 6,000 అనుకుందాం. ఇంటికి మిగిలేది 21,650.

ఖతార్ లెక్క. 2,000కి 325 ఓటీ కలిపి 2,325. మెస్‌కి, ఫోన్‌కి, సబ్బులకి, శుక్రవారం బయటికి వెళ్తే అయ్యే ఖర్చుకి ఎంత పొదుపుగా ఉన్నా 575 రియాళ్లు పోతాయి. మిగిలేది 1,750, అంటే 42,000 రూపాయలు. ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు.

21,650 ఎక్కడ, 42,000 ఎక్కడ. ఏజెంట్ అబద్ధం చెప్పలేదు. నెలకి 20,350 ఎక్కువ, రెండేళ్లకి 4 లక్షల 88 వేలు. కానీ ఇందులోంచి తీసేయాల్సినవి ఏజెంట్ నీకు చెప్పడు.

అప్పు లక్షా 40 వేలు. నూటికి మూడు అంటే మొదటి నెల వడ్డీయే 4,200. నెలకి 20 వేలు కట్టుకుంటూ పోతే ఎనిమిది నెలలు పడుతుంది, వడ్డీకే 20 వేలు పోతాయి. మిగిలింది 3 లక్షల 28 వేలు. దీనికి రెండేళ్ల గ్రాట్యుటీ 40 వేలు కలుపు. ఇక్కడ ఉండి ఉంటే పీఎఫ్‌లో నీ వాటా, కాంట్రాక్టర్ వాటా, అందులో పెన్షన్‌కి పోయేదీ కలిపి 86,400 జమయ్యేవి. అవి తీసేయి. చివరికి తేలేది 2 లక్షల 80 వేలు. నెలకి 12 వేల లోపు.

అన్నీ వాళ్లు చెప్పినట్టే జరిగితేనే అది కూడా. ఓటీ రోజూ దొరకదు. ఒక ప్రాజెక్ట్ అయిపోయి ఇంకో దానికి పంపేలోపు ఇరవై రోజులు క్యాంపులో ఊరికే కూర్చోబెట్టిన సందర్భాలు నాకున్నాయి. బేసిక్ వచ్చింది, ఓటీ రాలేదు, మెస్ ఖర్చు మాత్రం ఆగలేదు.

ఇప్పుడు ఇదే లెక్క ఇంకోలా చూడు. బేసిక్ 2,000, ఫుడ్ 300 వేరే, ఏజెంట్‌కి 35,400 మాత్రమే, అదీ సొంత డబ్బు. అప్పుడు అన్నీ తీసేసి, గ్రాట్యుటీ కలిపితే రెండేళ్లకి సుమారు 7 లక్షల 30 వేలు పైన తేలుతుంది. దేశం అదే, ఎండ అదే, మంచం అదే. నువ్వు 6జీ కార్డుతో వెళ్లడం, కాగితం చదివి సంతకం పెట్టడం, ఈ రెండే తేడా.

6జీ ఇక్కడ కూడా డబ్బే. పైపుని 45 డిగ్రీల ఏటవాలుగా బిగించి, తిప్పకుండా చుట్టూ తిరిగి టిగ్ (గ్యాస్ రక్షణలో చేసే వెల్డింగ్)తో రూట్, అంటే మొదటి పొర వేసి, ఆర్క్‌తో నింపి, ఎక్స్‌రే పాసయ్యే కుర్రాడికి మా దగ్గర షట్‌డౌన్ (ప్లాంట్ ఆపి చేసే రిపేరు) పనుల్లో రోజుకి 1,300కి తక్కువ ఎవరూ అడగరు. 950 నుంచి 1,300 అంటే నెలకి 9,100 ఎక్కువ. ఏజెంట్‌కి లక్షా 40 వేలు పోసి, అమ్మని వదిలి వెళ్తే తేలే 12 వేలకి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడు.

నా మొదటి ప్రయాణం

ఇదంతా నాకు పుస్తకాల్లో తెలియలేదు. 2009లో 75 వేలు అప్పుచేసి వెళ్లాను. ఇక్కడ ఏజెంట్ చెప్పింది వెల్డర్, 1,400. దోహాలో దిగిన మూడో రోజు ఆఫీసులో ఇంకో కాగితం పెట్టారు. అందులో హెల్పర్, 900. సంతకం పెట్టకపోతే తిరుగు టికెట్ నీదే అన్నారు. ఊళ్లో అప్పు ఉంది. పెట్టేశాను. అప్పుడు రియాల్ 13 రూపాయలు. ఆ అప్పు తీరడానికి పదహారు నెలలు పట్టింది. ఆ పదహారు నెలలూ నేను వెల్డింగ్ మిషన్ ముట్టుకోలేదు. వెల్డర్ వెనకాల గ్రైండర్ పట్టుకుని నిలబడేవాణ్ణి.

2011లో ఒక గురువారం మధ్యాహ్నం నాన్న పోయారని ఫోన్ వచ్చింది. అప్పట్లో దేశం దాటాలంటే కంపెనీ సంతకంతో ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. శుక్రవారం, శనివారం ఆఫీసుకి సెలవు. సంతకం పెట్టే మనిషి ఆదివారం వచ్చాడు. సోమవారం రాత్రి విమానం ఎక్కి, మంగళవారం ఇంటికి చేరాను. చిన్నదినం అప్పటికే అయిపోయింది. నాన్న మంచం గోడకి నిలబెట్టి ఉంది, దాని కోళ్ల కింద పెట్టే ఇటుకలు అలాగే ఉన్నాయి.

ఇది నిన్ను భయపెట్టడానికి రాయట్లేదు. ఇప్పుడు ఆ నియమం లేదు. 2018లో చాలామందికి ఎగ్జిట్ పర్మిట్ తీసేశారు, 2020లో మిగిలిన దాదాపు అందరికీ తీసేశారు. అదే 2020లో ఎన్‌ఓసీ (కంపెనీ మారడానికి పాత కంపెనీ ఇచ్చే ఒప్పుకోలు కాగితం) కూడా పోయింది. పాత కంపెనీ ఒప్పుకోకపోయినా నోటీసు ఇచ్చి కొత్త కంపెనీలో చేరవచ్చు. రెండేళ్ల లోపు సర్వీస్ అయితే ఒక నెల నోటీసు, దాటితే రెండు నెలలు. పాస్‌పోర్ట్ నీ దగ్గరే ఉండాలి, కంపెనీ దాచుకోవడం నేరం. నాతో ఉన్నవాళ్లు 2021 తర్వాత కంపెనీలు మారి బేసిక్ పెంచుకున్నారు. నేను వచ్చేశాక వాళ్లకి ఆ అవకాశం దొరికినందుకు సంతోషంగా ఉంది. కానీ అప్పుతో ఉన్నవాడు ఈ హక్కులు వాడుకోలేడు. ఫిర్యాదు చేస్తే నెల, రెండు నెలలు జీతం ఆగుతుందేమోనన్న భయం, ఇంట్లో వడ్డీ టెన్షన్. అప్పు లేనివాడే "నా కార్డు నాకివ్వండి" అనగలడు. అందుకే ఆ లక్షా 40 వేల గురించి ఇంతగా చెబుతున్నాను.

పని గంటలు: సైట్‌లో కాదు, రూమ్ నుంచి రూమ్ వరకు లెక్కపెట్టు

రెండు దేశాల్లోనూ వారానికి 48 గంటలే రాసి ఉంటుంది. ఖతార్‌లో రంజాన్ నెలలో 36 గంటలు, ముస్లిం కానివాళ్లకి కూడా. కానీ క్యాంపు నుంచి సైట్‌కి పోయి వచ్చే టైమ్ పని గంటల్లోకి రాదని అక్కడి చట్టంలోనే ఉంది. ఇది ఎవరూ చెప్పరు.

నేను ఖతార్‌లో గ్యాస్ ప్లాంట్లుండే రాస్ లఫాన్‌లో పనిచేసిన రోజుల్లో తెల్లవారుజామున మూడున్నరకి లేచేవాళ్లం. ఎనిమిది మందికి ఒక రూమ్, బాత్రూమ్ దగ్గర లైను. నాలుగున్నరకి బస్సు. గేట్ దగ్గర పంచింగ్, టూల్ బాక్స్ మీటింగ్, పర్మిట్ చేతికి వచ్చేసరికి ఆరు. ఎనిమిది గంటల పని, రెండు గంటల ఓటీ, మధ్యలో ఒక గంట తిండి. మళ్లీ బస్సు. రూమ్‌కి వచ్చేసరికి సాయంత్రం ఆరున్నర. పద్నాలుగు గంటలు బయట, కూలి పది గంటలకి. బస్సులో తల కిటికీ అద్దానికి ఆనించి నిద్రపోతాం కదా, అద్దం మీద ఒక్కొక్కరి నూనె మరక ఒక్కో చోట ఉండేది. ఎవరి సీటు ఏదో ఆ మరక చూసి చెప్పొచ్చు.

నువ్వు లంకెలపాలెం నుంచి ఆటోనగర్‌కి బండి మీద వెళ్తున్నానన్నావు. అరగంట. రాత్రి అమ్మ చేతి అన్నం. ఆ అన్నానికి నేను రేటు కట్టను, నీ లెక్కలో నువ్వే వేసుకో.

ఎండ, సేఫ్టీ

ఖతార్ ఎండ గురించి భయం సహజం. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా బయట ఎండలో పని చేయించకూడదు. నేను మొదట వెళ్లినప్పుడు పదకొండున్నర నుంచి మూడు వరకే, అదీ జూన్ 15 నుంచి ఆగస్టు ఆఖరు దాకా. 2021లో పెంచారు. దానికి తోడు ఎండనీ, తేమనీ కలిపి కొలిచే మీటర్ 32.1 దాటితే ఏ టైమ్ అయినా పని ఆపాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో సముద్రం పక్కన ఆ తేమ మన వైజాగ్ మే నెల ఉక్కపోత కంటే ఎక్కువ. ప్రీహీట్ చేసిన పైపు పక్కన కూర్చుంటే గ్లవ్ విప్పగానే చెమట నీళ్లలా కారుతుంది. కానీ ఆపమనే మీటర్ అక్కడ ఉంది. ఇక్కడ నేను పనిచేసిన ఏ షెడ్డులోనూ అలాంటి మీటర్ చూడలేదు. మే నెలలో రేకుల షెడ్డు కింద, ఫ్యాన్ వేస్తే టిగ్ గ్యాస్ చెదిరిపోతుందని ఫ్యాన్ కూడా లేకుండా చేస్తాం.

సేఫ్టీలో పెద్ద ప్రాజెక్ట్ సైట్ అయితే నా ఓటు ఖతార్‌కే. హార్నెస్ హుక్ తగిలించకపోతే అక్కడికక్కడే దింపేస్తారు. ట్యాంకు లోపలికి దిగాలంటే గ్యాస్ టెస్ట్ చేసి, బయట ఒక మనిషిని నిలబెట్టి, పేరు రాసుకుని పంపుతారు. చిన్న కాంట్రాక్టర్ల దగ్గర అక్కడ కూడా ఇంత ఉండదు. ఇక్కడ పెద్ద ప్లాంట్లలో నియమాలు ఉన్నాయి, అయినా కాంట్రాక్ట్ మనిషి ప్రాణం చౌకగానే ఉంది. 2020 ఆగస్టు 1న మన హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో క్రేన్ కూలి 11 మంది పోయారు. అందులో ఏడుగురు కాంట్రాక్ట్ ఏజెన్సీల వాళ్లు. ఆ వారం గాజువాక, మల్కాపురం ఎలా ఉన్నాయో నీకూ గుర్తుండే ఉంటుంది. ఇంటి దగ్గర ఉన్నాం కాబట్టి క్షేమం అనుకోకు.

ఇంకో విషయం. నీ నెల జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ పరిధిలో నువ్వు లేవు. కాంట్రాక్టర్ వేరే ఇన్సూరెన్స్ చేశాడా లేదా రేపే అడుగు. వెళ్లినా వెళ్లకపోయినా ఇది కావాలి.

ఏజెంట్ డబ్బు

మన ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయిన ఏజెంట్ గరిష్ఠంగా 30,000, దాని మీద 18 శాతం జీఎస్‌టీ, మొత్తం 35,400 తీసుకోవచ్చు. రసీదు ఇవ్వాలి. ఖతార్ చట్టం ప్రకారమైతే కార్మికుడి దగ్గర అసలేమీ వసూలు చేయకూడదు. లక్షా 40 వేలు అడిగినవాడు నాలుగు రెట్లు అడుగుతున్నాడు. అతని రిజిస్ట్రేషన్ నంబర్ అడుగు, ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితాలో ఉందో లేదో చూడు. "మెయిన్ ఆఫీసు ముంబైలో, మేం ఇక్కడ బ్రాంచి" అంటే ఆ ముంబై ఆఫీసుకి నువ్వే ఫోన్ చేసి కనుక్కో. గాజువాకలో ఒక గది, ఒక ఫ్లెక్సీ పెట్టుకుని పాస్‌పోర్టులు పోగేసేవాళ్లు చాలామంది. పాస్‌పోర్ట్ ఒరిజినల్ ఇచ్చేశావా? ఇవ్వకపోతే ఇవ్వకు, జెరాక్స్ చాలు.

నువ్వు పదో తరగతి పాసయ్యావు కాబట్టి నీది ఈసీఎన్ఆర్ పాస్‌పోర్ట్, అంటే వెళ్లేముందు ప్రభుత్వ క్లియరెన్స్ అక్కర్లేనిది. అది మంచిదే అనుకుంటారు అందరూ. కానీ పది పాసవని వాళ్ల కాంట్రాక్ట్‌ని ప్రభుత్వం చూసి క్లియరెన్స్ ఇస్తుంది, వాళ్లకి పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా కూడా తప్పనిసరి. నీ కాంట్రాక్ట్‌ని ఎవరూ చూడరు. నువ్వే చూసుకోవాలి. హైదరాబాద్‌లో ఖతార్ వీసా సెంటర్ ఉంది. మెడికల్, వేలిముద్రలు, కాంట్రాక్ట్ సంతకం అక్కడే. వెనకాల లైను ఉన్నా, ఏజెంట్ మనిషి తొందరపెట్టినా, మూడు విషయాలు చూడకుండా సంతకం పెట్టకు: ఉద్యోగం పేరు వెల్డర్ అని ఉందా, బేసిక్ గడిలో ఎంత ఉంది, ఫుడ్ కంపెనీదా లేక జీతంలోంచా. ఆఫర్ లెటర్‌కీ దానికీ తేడా ఉంటే అక్కడే లేచి వచ్చేయి. హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి రైలు టికెట్ ఎంతని? దోహా నుంచి తిరిగి రావడం అలా కాదు. విజిట్ వీసా మీద తీసుకెళ్లి అక్కడ మారుస్తామంటే ఇక మాటలే వద్దు.

మరి ఎవరు వెళ్లాలి

ఊళ్లో భూమి తాకట్టులో ఉండి, చేతిలో పని ఉండి, రెండేళ్లు ఒక్క పట్టున కూర్చుని తీర్చేయాలనుకునేవాడికి ఖతార్ ఇప్పటికీ మంచి దారి. నా చెల్లి పెళ్లి, మా ఇంటి స్లాబు రెండూ రెండోసారి వెళ్లిన డబ్బుతోనే అయ్యాయి. అప్పుడు 6జీ ఉంది, బేసిక్ 1,700, ఏజెంట్‌కి ఇచ్చింది రసీదుతో సహా చట్టం ప్రకారమే. ఆ ఎనిమిదేళ్లలో నేర్చుకున్న పైపింగ్ డ్రాయింగ్, వెల్డింగ్ ప్రొసీజర్, రిపేర్ శాతం లెక్కలు ఈరోజు నాకు ఇక్కడ అన్నం పెడుతున్నాయి. గల్ఫ్ వెళ్లొద్దని చెప్పే మనిషిని కాను.

ఒకటి మాత్రం గమనించు. రియాల్ డాలర్‌కి 3.64 దగ్గర కట్టేసి ఉంటుంది. 2009లో 13 రూపాయలు, నేను తిరిగొచ్చేనాటికి 20, ఇప్పుడు 24 దగ్గర. మనవాళ్లకి జీతం పెరిగినట్టు కనిపించేది చాలావరకు రూపాయి తగ్గడం వల్లే. రియాళ్లలో చూస్తే హెల్పర్ 900 నుంచి 1,000కి వచ్చాడు, అంతే. ఆ లోపు గాజువాకలో గజం స్థలం రేటు ఎంత పెరిగిందో నీకు చెప్పక్కర్లేదు.

కాబట్టి తమ్ముడూ, రేపటి నుంచి ఇలా చెయ్యి. ఆ లక్షా 40 వేల అప్పు తీసుకోకు. రోజూ పని అయ్యాక రెండు గంటలు పైప్ మీద కూర్చో. ఆరంగుళాల పైపు, రెండున్నర మిల్లీమీటర్ల రాడ్. రూట్‌లో కీహోల్ (కరిగేటప్పుడు ఏర్పడే చిన్న రంధ్రం) సమానంగా తెరుచుకోవడం చేతికి అలవాటయ్యే వరకు క్యాపింగ్ (పై పొర) అందం గురించి ఆలోచించకు. ఎక్స్‌రేలో పోయేది ఎక్కువగా రూట్‌లోనే, అది కూడా కింద ఆరు గంటల పొజిషన్‌లో. నాలుగు నెలలు చాలు, నా దగ్గర మూడు నెలల్లో పాసైన వాళ్లున్నారు. ఈలోపు పీఎఫ్ పాస్‌బుక్ ఫోన్‌లో తెరిచి కాంట్రాక్టర్ నెలనెలా కడుతున్నాడో లేదో చూసుకో. వెళ్లినా ఆ డబ్బు తీసేయకు, పెన్షన్‌కి పదేళ్ల సర్వీస్ కావాలి, తిరిగొచ్చాక కలుస్తుంది.

6జీ పాసయ్యాక ఏ ఆఫర్ వచ్చినా, నీ పేరు, పాస్‌పోర్ట్ నంబర్ చెరిపేసి ఆ కాగితం ఫొటో ఇక్కడే పెట్టు. బేసిక్ గడి చూసి ఓటీ లెక్క కట్టి చెప్తాను.